వెచ్చని చర్మం

ల్యాబులో సరదాకి అందరూ ఆమెను తోలక్క అంటారు. కాలిన రోగి ఒంటి నుంచి గోరంత చర్మం తీసి పంపితే, దాన్ని గాజు పళ్ళెంలో పెంచి, పుండు మీద కప్పేంత పొరగా తిరిగివ్వడం ఆమె పని. పళ్ళెం మూత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, మూసాకే వదులుతుంది.

ఆ మధ్య గ్యాస్ పేలి ఒళ్ళు కాలిన ఒక హోటల్ వంటమనిషి చర్మం పెంచింది. అతని భార్య రోజూ గుమ్మంలోకి వచ్చి, "ఎంతవరకు వచ్చిందక్కా?" అని అడిగేది. "వస్తోందమ్మా, కాస్త ఓపిక పట్టు," అనేది తోలక్క. తీరా పొర సిద్ధమైన పొద్దున, అతను పోయాడని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ పళ్ళెం పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. రోజూలాగే పోషక ద్రవం మార్చి, మళ్ళీ వెచ్చని పెట్టెలో పెట్టింది.

మధ్యాహ్నం భార్య వచ్చింది. "ఒక్కసారి చూపిస్తావా అక్కా?" అంది. నిబంధన ఒప్పుకోకపోయినా తోలక్క పళ్ళెం తెచ్చి మూత తీసింది. అతని భార్య వేలికొసతో మెల్లగా తాకింది.

"వెచ్చగా ఉందక్కా. ఇది బతికే ఉందా?"

తోలక్క మూత పెట్టి, బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఉందమ్మా," అంది.