టైరుకు కట్టిన తుపాకీ

మీసం మొలిచిన కొత్తలో మనిషికి భయపడటమంటే సిగ్గు. నాకు ఆ సిగ్గు మరీ ఎక్కువ (మీసం మాత్రం మరీ తక్కువ). అప్పట్లో హన్మకొండలో లైసెన్సున్న ఒక తుపాకుల రిపేరు దుకాణంలో పని చేసేవాణ్ణి. ఒక పటేల్ తన తాత తుపాకీ తెచ్చిచ్చాడు. కింది పిడిని ముందుకు తోసి వెనక్కి గుంజితే తూటా ఎక్కే పాతకాలపు రకం. పిడి తుప్పుతో బిగుసుకుపోయింది, కట్టెకు చెదలు. మా ఉస్తాదూ నేనూ కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, స్ప్రింగు మార్చి, కట్టెకు నూనె పట్టించి దానికి ప్రాణం పోశాం. దసరా నాడు దుకాణంలో పనిముట్లతో పాటు దానికీ బొట్టు పెట్టి పూజ చేశాం.

తెల్లారి, అనుమతి తీసుకుని, ఊరవతల పాడుబడ్డ క్వారీకి పోయాం. బాగుచేసిన తుపాకీని మొదటిసారి ఎవరి చేత్తోనూ పేల్చనివ్వడు ఉస్తాదు. లారీ టైరుకు కట్టి, బండ చాటునుంచి ట్రిగ్గరుకు కట్టిన తాడు గుంజాలి. పటేల్ నవ్వాడు. మా తాత భుజానికి ఆనిచ్చి కొట్టేటోడు, మీరు మేకను గుంజినట్టు గుంజుతాండ్రు అన్నాడు. ఆ మాట సరిగ్గా నా మీసానికి తగిలింది. నేనూ భుజం మీదనే పేలుస్తానన్నాను.

ఉస్తాదు కోప్పడలేదు. "ముందుగాల గొట్టంల పుల్ల పెట్టి సూడు" అన్నాడు.

"నిన్న పొద్దుగాలనే సూసిన గద ఉస్తాద్."

"నిన్నటిది నిన్నటికే. ఇయ్యాల సూడు."

విసుక్కుంటూ పిడి తెరిచి, లోపల తూటా లేదని చూసుకుని, తుడిచే పుల్లను గొట్టం మూతిలోంచి దింపాను. కొంత పోయి మెత్తగా ఆగింది. మళ్లీ తోశాను. పోలేదు. పటేల్ నవ్వు ఆగిపోయింది. ఇట్లనే పేలిస్తే గొట్టం చీలి నీ మొకం మీదికే వస్తుండె, ఎడమ చేతి వేళ్లు ఏరుకుంటుంటిమి అని ఉస్తాదు చాలా నెమ్మదిగా చెప్పాడు. అరిచినా బాగుండేది. కొక్కెం పెట్టి లాగితే బయటికొచ్చింది పిడికెడు జమ్మి ఆకు.

గొట్టం తుడిచి, మళ్లీ చూసి, టైరుకు కట్టి, తాడు నేనే గుంజాను. పటేల్ నాకంటే ముందే బండ చాటుకు చేరాడు. క్వారీ అంతా మోగింది. తుపాకీ చెక్కుచెదరలేదు.

ఇంటికొచ్చి అడిగితే మా అమ్మ ఏమీ దాచలేదు. పూజ నాడు దుకాణంలో జమ్మి ఆకును బంగారమంటూ అందరి చేతుల్లో పెట్టి పంచింది ఆమే.

"అండ్ల అందరికన్న పెద్దది అదే గద కొడుకా. పెద్దలకు బంగారం పెట్టకుంటే ఎట్ల? చెయ్యి లేకపాయె, నోట్ల పెట్టిన. కింద పడొద్దని జర పుల్లతోని నూకిన."

ఇప్పుడు మా వాడలో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే. దసరా సాయంత్రం పిల్లలు జమ్మి పట్టుకుని వీధి మలుపు తిరగ్గానే, రెండు చేతులూ బాగా కనబడేట్టు చాచి కూర్చుంటాను.