అమ్మ ఫ్రిజ్‌కి కట్టిన చీర

మా చిన్నప్పుడు... తుఫాను వస్తోందని టీవీలో చెప్పగానే అందరూ కొవ్వొత్తులు వెతుక్కుంటే, మా అమ్మ ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తింది!

భవానీపురంలోని మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నదే నాయనమ్మ ఇన్సులిన్ కోసం. నెలకు సరిపడా సీసాలు అందులోనే ఉండేవి. అవి పాడైతే, షాపులు తెరిచేదాకా నాయనమ్మ గతేం కాను? అమ్మ భయమంతా అదే...

"కరెంటు ఉండగానే పనులన్నీ కానిచ్చేయాలర్రా" అంటూ కొంగు బిగించింది. మోటారు వేసి ట్యాంకు, గంగాళం, ఆఖరికి పప్పుగిన్నెలు కూడా నింపించింది. రెండు రోజులకు సరిపడా పిండి రుబ్బేసింది. స్టీలు డబ్బాల్లో నీళ్లు గడ్డ కట్టించి, సీసాలకు తగలకుండా చుట్టూ పేర్చింది. వాడుతున్న సీసా ఒక్కటి మాత్రం, మాటిమాటికీ ఫ్రిజ్ తెరవక్కర్లేకుండా, తడిగుడ్డ చుట్టి బయట పెట్టింది.

ఆ తర్వాత ఫ్రిజ్ చుట్టూ పాత చీర చుట్టి... గట్టిగా ముడేసింది!

అనుకున్నట్టే కరెంటు పోయింది. మర్నాడు గాలివాన తగ్గాక, మేమెలా ఉన్నామో చూద్దామని పామర్రు నుంచి నాయనమ్మ తమ్ముడు, మాకు తాతయ్య వరసే, వచ్చాడు. చుట్టం వస్తే ఫ్రిజ్ నీళ్లివ్వడమే అప్పట్లో మర్యాద. నాయనమ్మ లేచి వెళ్లి ముడి విప్పబోయింది.

అమ్మ అడ్డంగా నిలబడింది.

"వద్దత్తయ్యా. తలుపు తీస్తే చల్లదనమంతా పోతుంది. కుండలో నీళ్లున్నాయి."

"నా తమ్ముడికి కుండనీళ్లా? నా పరువేం కావాలే?"

"పరువు రేపు చూసుకుందామండీ. అందులో ఉన్నది మీ ప్రాణం."

అత్తగారికి అమ్మ ఎదురుచెప్పగా వినడం అదే మొదటిసారి. తాతయ్య మాత్రం కుండనీళ్లు గటగటా తాగి, "అక్కా, ఈ అమ్మాయి ఉండగా నీకేం భయంలే" అన్నాడు. నాయనమ్మ సాయంత్రం దాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఫ్యాను కిర్రుమని తిరిగింది. అమ్మ ముడి విప్పింది. డబ్బాల్లో ఇంకా బొటనవేలంత ఐసు ఉంది! సీసాలు చల్లగానే ఉన్నాయి...

నాయనమ్మ మెల్లగా వచ్చి, డబ్బాలోని చల్లటి నీళ్లు తనే గ్లాసులో పోసి అమ్మ చేతికిచ్చింది. "ముందు నువ్వు తాగవే" అంది.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయిన సంగతే తెలియదు... ఒకరి కోసం ఒకరు అంత పట్టుగా నిలబడాల్సిన పనీ పడటం లేదు. ఆ గ్లాసు నీళ్లు తాగుతూ అమ్మ ఎందుకు ఏడ్చిందో మాత్రం నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మరి కరెంటు పోతుందంటే... మీ ఇంట్లో అమ్మ ముందుగా దేన్ని కాపాడేదండీ?