చిన్ని నెత్తి మీద శబ్దం

దయ్యాల మాటెత్తితే హాస్టల్‌లో అందరికంటే ముందు నవ్విన దాన్ని నేనే. హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఆధారం లేనిదే వాక్యం రాయను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

నా థీసిస్ మా అమ్మమ్మ ఊరి బొగ్గు బాయి మీద. చిన్న బాయి, ఊరివాళ్లే దిగేవాళ్లు. ఎప్పుడో మూసేశారు. ఇప్పుడక్కడ తుమ్మ పొదలు తప్ప ఏమీ లేవు.

మా తాతది అందులో కప్పు చూసే పని. షిఫ్టు దిగేముందు ఒక్కడే వెళ్లి, పైబండను కర్రతో కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే దాని కింద ఎవరూ నిలబడకూడదు.

ఒకసారి తాత డొల్ల అన్నాడు. షిఫ్టు మీద పెత్తనం చేసే సర్దారు తనూ చూసి, బాగానే ఉందని మనుషుల్ని దింపాడు. ఆ రోజేమీ కాలేదు, అందరూ తాతను ఆటపట్టించారు. మర్నాడు కూలింది. కింద తాత సొంత తమ్ముడున్నాడు.

"డొల్ల పలికినంక గూడ బండ టైమిస్తది బిడ్డా," అనేవాడు తాత. "ఎంతిస్తదో చెప్పదు."

ముసలితనంలో తార్నాకలో మా ఇంటికొచ్చాక కూడా, చేతికర్రతో గుమ్మం పైన కొట్టి చూడందే గదిలోకి వచ్చేవాడు కాదు. చాదస్తమని నవ్వేవాళ్లం. నా కూతురు చిన్ని పుట్టకముందే పోయాడు.

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం. క్యాంపస్ లైబ్రరీ నుంచి వచ్చి థీసిస్ టైప్ చేసుకుంటున్నాను. చిన్ని లోపలి గదిలో నిద్రపోతోంది. ఆ గది గుమ్మం పైన టక్‌మంది. కాస్త లోపలికి, మళ్లీ టక్. మాది పై అంతస్తు, మిద్దె తాళం నా దగ్గరే ఉంది. అయినా ఆ శబ్దం మిద్దె మీద నుంచి కాదు. స్లాబుకు కింది వైపు, గది లోపల్నుంచి.

శబ్దం చిన్ని మంచం మీదికి రాగానే డొల్లగా పలికింది.

పిల్లను ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. ఏదీ కూలలేదు. ఓనర్ పంపిన మేస్త్రి స్లాబంతా కొట్టి చూశాడు, రాయిలా ఉంది. అయినా ఆ ఇంట్లో ఉండలేక హబ్సిగూడకు మారాం.

మొన్న ఆదివారం పొద్దున అదే శబ్దం. ఈసారి మా ఆయన మహేశ్ కూడా విన్నాడు, చాయ్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పడకగదిలో చిన్ని మంచం ఖాళీగా ఉంది. దాని మీద ఖంగుమని గట్టిగానే పలికింది. మంచం దాటి హాల్లోకి వచ్చింది. అక్కడ నేల మీద చిన్ని బొమ్మలతో ఆడుకుంటోంది.

దాని నెత్తి మీద ఆగి, డొల్లగా పలికింది. చిన్నిని లాగి ఒళ్లో పెట్టుకున్నాను. శబ్దం దాని వెంటే నా మీదికొచ్చింది. మళ్లీ డొల్ల.

"గిది ఇంటి సంగతి కాదు," అన్నాడు మహేశ్, మెల్లగా.

చిన్నిని డాక్టర్‌కు చూపించాం. టెస్టులన్నీ చేయించాం. మేం విన్నదేమిటో నాకిప్పటికీ తెలియదు. పాప బాగానే ఉందన్నారు.

బాయిలో సర్దారు కూడా బాగానే ఉందన్నాడు.