రణస్థలంలో దిగిపోయిన ఆవిడ

విజయనగరంలో శ్రీకాకుళం బస్సెక్కాను. పక్క సీట్లో చేపలమ్మే ఆవిడ, ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటి పని సేస్తావమ్మా?" అని అడిగింది.

టీకాలు తయారుచేసే ప్రయోగశాలలో పని అన్నాను. కొన్ని సూక్ష్మక్రిములు ఇప్పుడు ఏ మందుకీ లొంగడం లేదనీ, అవి ఒంట్లో చేరినా జబ్బు చెయ్యకుండా ముందే కాపాడే టీకా కోసం తంటాలు పడుతున్నామనీ చెప్పాను.

ఆవిడ గంప కాళ్ల దగ్గర పెట్టి నా వైపు తిరిగింది.

"మా ఆయన కాల్లో సేప ముల్లు దిగింది. పుండై సీము పట్టింది. పెద్దాసుపత్రిలో మందులు మార్సి మార్సి ఇచ్చినారు. దేనికీ లొంగనేదన్నారు. ఎల్లిపోనాడు," అంది. "ఆ టీకా వచ్చేసినాదా?"

"లేదమ్మా. ఇంకా ఎలుకల మీదే చూస్తున్నాం. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది."

ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి మడిచి, జబ్బ నా వైపు తిప్పింది. "మనుసుల మీద సూసినప్పుడు ముందు నా మీద సూడండి. నాకేటైనా అయిపోనా ఏడిసేవోల్లు నేరు."

 ఆ చెయ్యి పట్టుకుని, మడత విప్పి సరిచేశాను. రణస్థలం స్టాపు వచ్చేదాకా పట్టుకునే ఉన్నాను.

"మరిసిపోకమ్మా," అని దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

మా టీకా ఇంకా ఎలుకలను దాటలేదు. ప్రయోగం చెడిపోయిన రోజున అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను.