వాల్వు మూసిన మనిషితో పుదుచ్చేరిలో ఒక రోజు

ఒక సంతకం పెట్టలేక నేను పుదుచ్చేరి వెళ్లాను. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం నాది. కొత్తగా తయారైన కృత్రిమ మేధ ప్రోగ్రామును జనంలోకి వదిలేముందు, దాన్ని అడగకూడనివన్నీ అడిగి చూడటం నా పని. ఆ గురువారం అది చెప్పకూడనిది చెప్పింది. నేరుగా అడిగితే కుదరదంది. ఒక విద్యార్థినిలా నటిస్తూ ముక్కలుముక్కలుగా అడిగితే, ఊళ్లకు ఊళ్లను జబ్బున పడేయగల క్రిమిని పెంచే దారిని ఓపిగ్గా వరుసగా పేర్చి పెట్టింది. కుర్చీలోంచి లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను. మా పై అధికారి శ్రీనివాస్ మాత్రం, "ఒక్కసారే కదా వచ్చింది! చిన్న లోపం అని రాసి సంతకం పెట్టెయ్. విడుదలయ్యాక చూసుకుందాం," అన్నాడు. శనివారం సాయంత్రం ఐదింటిలోగా నివేదిక పంపాలి. శుక్రవారం చెన్నైలో మీటింగు ముగిశాక నా స్నేహితురాలు వసంతకు ఫోన్ చేశాను. యానాం అమ్మాయి, బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి నటేశన్ నగర్‌లో ఉంటోంది. "ఇక్కడికొచ్చెయ్యవే, కాస్త గాలి పీల్చుకుందువుగాని," అంది.

శనివారం ఉదయం ఐదున్నరకు చెన్నైలో తీరం వెంట వెళ్లే బస్సు ఎక్కాను. మూడున్నర గంటల ప్రయాణం, టికెట్టు రెండు వందల లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం ఉండుండి తొంగిచూస్తుంది. మరక్కాణం దాటేటప్పుడు ఉప్పుమళ్లు వచ్చాయి. పల్చటి నీళ్లలో ఆకాశం, ఆ ఆకాశం మధ్య తెల్లటి ఉప్పు కుప్పలు. నేను మేలుకుని చూస్తున్నానో, కిటికీకి తల ఆనించి కలగంటున్నానో కాసేపు తెలియలేదు.

వసంతకు సాయంత్రం దాకా ఆఫీసు. అందుకని వాళ్ల పక్కింటి ఏకాంబరం మామను ఆటోతో బస్టాండుకు పంపింది. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. మూడు తరాలుగా ఈ ఊరే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవడం రాదు. "వసంతమ్మ ఫ్రెండేనా? యాడికి పోదాం పాపా?" అన్నాడు. "ఎక్కడికైనా సరే మామా," అన్నాను. సాయంత్రం దాకా తిప్పడానికి తొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. ఆవపిండి రంగు గోడల మధ్య ఆటో మెల్లగా నడిచింది. కాగితంపూలు రాలి వీధి అంచులు గులాబీ రంగులో ఉన్నాయి. ఒక ఇంట్లో ఎవరో వయొలిన్ మీద ఒకే స్వరాల వరుసను మళ్లీ మళ్లీ వాయిస్తున్నారు. అంత అందంలోనూ నా ఒళ్లో ఫోన్ వణుకుతూనే ఉంది. నాలుగోసారి ఎత్తి, "మళ్లీ పరీక్షించడానికి టైము కావాలి సార్, ఇది బయటికి పోతే వెనక్కి తీసుకోలేం," అన్నాను. శ్రీనివాస్ గొంతు పెంచాడు. పెట్టేశాను.

ఏకాంబరం మామ అద్దంలోంచి చూశాడు. "ఏంది పాపా, ఆఫీసు సంగతా?" జరిగింది చెప్పాను. ఆయన బండి తిప్పి, "పన్నెండున్నర అయిపోయె. సాప్పాటుకు మేట్టుపాళయం పోదాం," అన్నాడు.

ఊరి అంచున టూరిస్టులెవరూ వెళ్లని చోటది. గోదాములు, రేకుల షెడ్లు, లారీలు. వాటి మధ్య లక్ష్మక్క అనే ఆవిడ నడిపే చిన్న మెస్సులో వేడి అన్నం, చేపల పులుసు, ప్లేటు ఎనభై రూపాయలు. ఎదురుగా తుప్పుపట్టిన గేటు చూపించి మామ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు అది ఐసు ఫ్యాక్టరీ. పన్నెండేళ్లు అందులో ఆపరేటరు ఆయన. నీళ్లను గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు, లీకైతే ప్రాణం తీస్తుంది. అలారం మాటిమాటికీ మోగుతోందని ఎవరో దాని నోట్లో గుడ్డ కుక్కారు. ఒక మధ్యాహ్నం గ్యాసు ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఆగకుండా పైకి పోతోంది.

"సూపర్వైజరు లోడు పోయేదాకా ఉండమన్నాడు. నాకు ముక్కులో రొంబ చిన్నగా మంట. అంతే. మెయిన్ వాల్వు మూసేసినా. అందరినీ గాలికి ఎదురుగా నడవమని బయటికి తోలినా. పక్క షెడ్డోళ్లను గూడా."

"తర్వాత ఏమైంది మామా?"

"ఏమీ గాలే. ఐసంతా కరిగిపోయె, చేపలు కుళ్లిపోయె. ఏమీ గాకుండానే ఇంత నష్టం చేసినావని వారంలో పంపించేసినారు. ఏమీ గాకూడదనే గదా పాపా నేను మూసింది!"

"గ్యాసు పైపు విప్పి చూశారా?"

"ఒక ముక్క కోసి కొత్తది ఏసినారు. పాతది నాకు చూపించలే."

పులుసు గిన్నెతో నిలబడి వింటున్న లక్ష్మక్క అంది: "పక్క షెడ్డులో రొయ్యలు ఒలిచేదాన్ని నేను. ఆ పొద్దు కూలి పోయిందని ఈ అన్నను బాగా తిట్టినా. అప్పుడు నాకు ఏడో నెల. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతా ఉండాది." నా ప్లేటులో మరో గరిటె పులుసు పోసింది.

మూడున్నరకు బీచ్ రోడ్డులో దిగాం. ఎండ మెత్తబడుతోంది. అలలు నల్లరాళ్ల మీద విరిగి తుంపరగా లేచి, ఆ తుంపరలో వెలుగు ఒక్క క్షణం ఆగి పోతోంది. బెంచీ మీద కూర్చుని నివేదిక టైపు చేసి, దాన్ని తెలుగులో ఆయనకు చదివి వినిపించాను: "కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఆందోళన కలిగించగల జవాబులు వచ్చే అవకాశం గమనించబడింది, మరింత పరిశీలన అవసరం కావచ్చు."

ఆయన సముద్రం వైపే చూస్తూ, "ఇది ఇంటే ఎవురన్నా వాల్వు మూస్తారా?" అని అడిగాడు.

నాకు సిగ్గేసింది. అంతా చెరిపేశాను. 'ఈ ప్రోగ్రాము ప్రాణాంతకమైన క్రిమిని పెంచే దారి చెప్పింది. ఎలా చెప్పించానో కింద ఇచ్చాను. ఇది సరిచేసేవరకు విడుదల ఆపాలి. అంతవరకు నేను సంతకం పెట్టను.' శ్రీనివాస్‌కే గాక కంపెనీ భద్రతా కమిటీలో అందరికీ పంపాను. మామ పక్కనే కూర్చున్నాడు. ఫోన్ సంచిలో పెట్టేసి ఆయనతో పాటు అలలు చూశాను.

సోమవారం కమిటీ నేను చేసినట్టే చేసి చూసింది. ఇంకో రెండు దారుల్లో కూడా ఆ జవాబు బయటపడింది. దాన్ని సరిచేయడానికి విడుదల ఆరు వారాలు వాయిదా పడింది. ఇప్పటికీ కొందరు నాతో టీకి రారు. శ్రీనివాస్ అవసరమైనంతవరకే మాట్లాడతాడు. ఆ ఆరు వారాల్లో లోకంలో ఎక్కడా ఏ వింత జబ్బూ పుట్టలేదు, ఏ పత్రికా మా గురించి రాయలేదు. జరగనిదానికి సాక్ష్యం ఉండదు. వీధుల్లో జనం మామూలుగా నడుస్తారు, ఎవరో వయొలిన్ నేర్చుకుంటారు, ఎవరో బిడ్డను కాలేజీకి పంపుతారు. ఆ మామూలుతనాన్ని చూడటం నాకు పుదుచ్చేరిలో అలవాటైంది.

వెళ్లేవాళ్లకు ఒక సంగతి. బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి వాహనాలు ఆపేస్తారు, ఆటో ముందే వదిలేసి నడవండి. వీలైతే నాలుగింటికల్లా చేరుకుని, ఫోన్ సంచిలో పెట్టేసి, ఖాళీ బెంచీ చూసుకుని కూర్చోండి. తుంపర ముఖం మీద పడితే తుడుచుకోకండి.