గీతకు గజం ఇవతల

వెల్డన్ కుబాలా కాలేజీలో నాలుగేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. సెంటర్‌గా. కోలబంతి మీద వంగి, దాన్ని కాళ్ల సందులోంచి వెనక్కి అందించి, మీదికొచ్చేవాణ్ణి ఒంటితో ఆపడం అతని పని. ప్రతిసారీ ఆట అతని చేతిలోనే మొదలయ్యేది. బంతితో పరుగెత్తే వంతు మాత్రం అతనికి ఎన్నడూ రాలేదు. అరవై వేలమంది లేచి అరుస్తుంటే, గడ్డిలోంచి తలెత్తి, ఎవరి కోసమో అని చూసేవాడు.

మోకాలు పాడయ్యాక మా ఊరొచ్చాడు. డ్రై ఫోర్క్, పశ్చిమ టెక్సస్. చుట్టూ పత్తి. హైస్కూల్లో చరిత్ర చెప్పాడు, బస్సు నడిపాడు, ఫుట్‌బాల్ నేర్పాడు. మా బడికి పదకొండుమంది ఎప్పుడూ దొరకలేదు. అందుకే ఆరుగురి ఆట. ఇందులో సెంటర్ కూడా బంతి అందుకుని పరుగెత్తవచ్చు.

పెద్ద బడులు రెండుసార్లు పిలిచాయి. వెళ్లలేదు.

"అక్కడ సెంటరంటే గోడేనట. ఈయనకి గోడలు పనికిరావు" అనేది ఆయన భార్య నడీన్.

ఆయన ఒక ఎత్తు కనిపెట్టాడు. పేరు గేటు. సెంటర్ బంతి అందించి, పడ్డట్టు నటించి, లేచి, ఎవరూ చూడని వైపు నుంచి జారుకోవాలి. ఇరవై ఆరేళ్లు నేర్పాడు. ఒకడు బంతి జారవిడిచాడు. ఒకడు నిజంగానే పడ్డాడు. గేటు ఎత్తుతో చివరి గీత దాటిన సెంటర్ ఒక్కడూ లేడు.

ఆ ఏడాది బడి మూసేస్తున్నారు. పిల్లలు నలభై మైళ్ల అవతలి పెద్ద బడికి పోవాలి. అక్కడ వీళ్లకు ఆట దక్కదు, బెంచీ మీద కూర్చోవడమే. మైదానం దీపాలు అప్పుడే విప్పేశారు కనుక ఆఖరి ఆట మధ్యాహ్నం పెట్టారు. ఊరంతా పికప్ ట్రక్కులు తెచ్చి మైదానం చుట్టూ నిలిపింది. దూరం కొలిచే గొలుసు పట్టుకుని నేను కోచ్ పక్కనే ఉన్నాను.

ఆట నాలుగు భాగాలు. మూడో భాగంలో మాకు నలభై ఆరు పాయింట్లు, వాళ్లకు ఆరు. చివరి గీత ఒకసారి దాటితే ఆరు పాయింట్లు. తేడా నలభై అయిదుకు చేరితే ఆట అక్కడితో సరి. అది నియమం.

కోచ్ సెంటర్‌ను పిలిచాడు. ఎఫ్రైన్ లుహాన్, జిన్నింగ్ మిల్లు మేస్త్రీ కొడుకు.

"గేటు."

"ఇప్పుడా కోచ్?"

"ఇంకెప్పుడురా?"

బంతి విసిరే కోల్బీ నవ్వాడు. "వీడివి చేతులా కోచ్? పారలు."

"పారలోకే వెయ్యి. నీ విసురుడు నువ్వు చూసుకో."

ఎఫ్రైన్ పడ్డాడు, లేచాడు, జారుకున్నాడు. బంతి అందింది. దరిదాపుల్లో ఎవరూ లేరు. కోచ్ పాడు మోకాలితో పక్క గీత వెంట పరుగెత్తాడు. టోపీ పడిపోయింది. హారన్లు మోగాయి.

చివరి గీతకు గజం ఇవతల ఎఫ్రైన్ ఆగి, మోకాలు నేలకానించాడు. మోకాలు ఆనితే బంతి అక్కడే ఆగిపోయినట్టు. హారన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఏమైందిరా? కాలు పట్టేసిందా?"

"లేదు కోచ్."

"మరేం రోగం?"

"దాటితే ఆట అయిపోతుంది. ఇంకా పదిహేడు నిమిషాలుంది."

మిగతా అయిదుగురూ వాడి వెనకాల వచ్చి నిలబడ్డారు. కోచ్ గీత వైపు చూశాడు. మళ్లీ గేటు అంటే చాలు, గీత దాటినట్టే.

"సరే, మోకాళ్లేసి కూర్చోండి. బంతి వాళ్లకి పోనీ" అన్నాడు.

మాకున్న అవకాశాలన్నీ అలా మోకాళ్ల మీదే అయిపోయి, బంతి వాళ్లకు పోయింది. వాళ్లు రెండుసార్లు గీత దాటారు. మావాళ్లు సంతోషంగా తరిమారు.

మూడో భాగం అయ్యాక ఎఫ్రైన్ నీళ్లకొచ్చాడు. కోచ్ సీసా చేతికిచ్చాడు.

"పరుగెత్తుతుంటే ఎలా ఉందిరా?"

వాడు నీళ్లు మింగి ఆలోచించాడు. "చప్పుడు లేదు కోచ్. హారన్లు కూడా వినపళ్లేదు."

"ఎంతసేపు?"

"ఆగిందాకా."

కోచ్ తల ఊపాడు. సీసా వెనక్కి తీసుకున్నాడు. "వెళ్లు, పిలుస్తున్నారు" అన్నాడు.