ఎటు వెళ్తున్నారో అడగని ఉదయం

మా వీధి చివర సముద్రం. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడికి వెళ్తే సముద్రంలోకి పొడుగ్గా కట్టిన వంతెన, పీతలు పట్టేవాళ్ళు బకెట్లు పెట్టుకుని నిలబడే పియర్; ఎడమకు వెళ్తే కొండ అంచున నడకదారి, రెండు బెంచీలు. ఇదే కాలిఫోర్నియాలో, కొండలకు అవతల శాన్ రామన్‌లో ఎండకు మాడిపోయే మా స్నేహితులు వేసవిలో మా ఇంటికి వస్తే దిగీ దిగగానే స్వెట్టర్లు అడిగేవారు. ఆగస్టులో కూడా పొద్దున్నే ఎదుటి మనిషి కనపడనంత పొగమంచు ఇక్కడ. మా ఆయనకు మాత్రం అందులో నడిస్తేగాని తెల్లారినట్టుండేది కాదు.

పద్దెనిమిదేళ్ళు కలిసే నడిచాం. కలిసి అంటే ఆయన ముందు, పదడుగుల వెనక నేను. ఎటువైపన్నది వీధి చివర నిలబడి తేల్చుకునేవాళ్ళం. నెగ్గేది ఆయన మాటే, గొణగడం నా వంతు.

ఆ ఆదివారం నేను ఆలస్యంగా లేచాను. పళ్ళు తోముకుంటుంటే ఆయన బూట్లు వేసుకుని తలుపు తీశారు. "నువ్వు మెల్లిగా రా, నేను స్టార్ట్ అవుతున్నా" అన్నారు. ఎటువైపు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. గడప దాటే మనిషిని ఎక్కడికని అడిగితే చిన్నప్పుడు మా అమ్మ నెత్తిన మొట్టేది. పెద్దయ్యాక తుమ్ము వినిపించినా, పిల్లి ఎదురొచ్చినా నవ్వుకుని నడిచిపోయేదాన్ని. ఇన్నేళ్ళుగా ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఈ ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. బయల్దేరాక ఫోన్‌లో అడిగితే తప్పులేదు కదా అనుకున్నాను. చేస్తే ఆయన ఫోన్ వంటింట్లో ఛార్జర్ దగ్గరే మోగింది.

ఆదివారం పియర్ మీద సందడి ఎక్కువ. ఎవరి బకెట్లో ఏం పడిందో తొంగిచూడటం ఆయనకు సరదా. అందుకే కుడికి తిరిగాను. చివరిదాకా వెళ్ళినా ఎక్కడా లేరు. చెప్పి వెళ్ళడం ఈ మనిషికి ఈ జన్మలో రాదని తిట్టుకుంటూ అక్కడే కాసేపు అలలు చూశాను. తీరిగ్గా వెనక్కి వచ్చాను. ఇంటి ముందు పోలీసు కారు ఆగి ఉంది. ఆయన జేబులోని లైసెన్సు మీద అడ్రసు చూసి వచ్చారు. ఆయన ఎడమవైపు రెండో బెంచీ దగ్గర కూలబడ్డారట. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. కార్యక్రమాలన్నీ ముగిశాక ఒక్కసారే అడిగింది: "అమ్మా, నాన్నని జస్ట్ అడగొచ్చు కదా?" కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. అడిగితే ఆయనకు చెడు జరుగుతుందేమోనని అడగలేదని ఎలా చెప్పను? సిగ్గేసింది. నేను నిద్రలో ఉన్నానని అబద్ధం చెప్పాను. అది నమ్మి, నన్ను పట్టుకుని ఏడ్చింది.

అప్పటినుంచి రోజూ ఎడమకే వెళ్తున్నాను. ఎవరూ లేని ఆ పొగమంచులో ఏడవడానికి మొహమాటం ఉండదు. పోయిన వారం ముసలి కుక్కతో నడిచే ఒకావిడ నా దగ్గర ఆగింది. నన్ను చాలా రోజులుగా ఆ బెంచీ మీద చూస్తోందట. నేను ఆయన భార్యనా అని మొహమాటపడుతూనే అడిగింది. ఆ రోజు అంబులెన్సుకు ఫోన్ చేసింది ఆవిడే.

ఆయనకు చివరిదాకా తెలివి ఉందా అని అడిగాను. ఉందని చెప్పింది. గుండె పట్టుకునే మాట్లాడారట. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే అంబులెన్సు మనిషి చేయి పట్టుకుని ఆపారట. నా భార్య వెనకాలే వస్తోంది, ఒక్క నిమిషం ఆగండి అన్నారట. రెండుసార్లు అన్నారట.

వాళ్ళు ఆగలేదు. ఆగినా నేను వచ్చేదాన్ని కాదు.